కొంగుముడి
«ఇంగ రోంతే, నాయనా» అనే అవ్వ వాక్యానికి ప్రతిపదార్థ తాత్పర్య విశేష సహితమైన వ్యాఖ్య

అవతారిక

టీక రాసేవాడు మొదట మాట ఇవ్వాలి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథ సూరి మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. కొలచాల ఇంటిపేరు గల ఆ మహానుభావుడికి అంతటి నిష్ఠ చెల్లింది. ఈ వ్యాఖ్యాత హిందూపురం వాడు. మూలంలో లేనిది రాస్తాడు, అక్కర్లేనిది తప్పకుండా చెబుతాడు. మూలం మొత్తం ఏడే మాటలు కావడంచేత వేరే దారి లేదు.

మూలకర్త్రి మా అమ్మ. పిల్లలకు అవ్వ, వీధికీ అవ్వే. పిల్లలు పుట్టినప్పటి నుంచి నేనూ 'అవ్వా' అనే పిలుస్తున్నాను. ఆమె పుట్టింది పెనుకొండ దగ్గర పల్లెలో, మెట్టింది హిందూపురంలో, కూతుర్నిచ్చింది ధర్మవరంలో. బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే రైలుదారిలోని ఈ మూడు స్టేషన్లే ఆమె భూగోళం. 2022 ఏప్రిల్‌లో మన మూడు ఊళ్లూ అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాయని చెబితే, "బోర్డులు మార్సుకోనీలే, వానేమన్నా మారతాదా?" అంది.

వ్యాఖ్యకు పేరు 'కొంగుముడి'. అవ్వ చీరకొంగు చివర ఎప్పుడూ ఒక ముడి ఉంటుంది. అందులో చిల్లర, రెండు లవంగాలు, మడతపెట్టిన నోటు, ఒక్కోసారి పాత రైలు టికెట్టు. పిల్లలిద్దరూ ఆ ముడి విప్పాలని చూస్తారు, గోరు ఆనదు. ఆమె వాక్యమూ అలాంటిదే. పైకి చూస్తే పీచంత ముడి, విప్పబోతే గోరు ఆనదు.

మూలం

"ఇంగ రోంతే, నాయనా. తిను. పొద్దున్నించి ఏం తిన్యావని!"

పాఠాంతరాలు

ఈ వాక్యం మూడు పూటలా వెలువడుతుంది కాబట్టి శుద్ధప్రతికి కొదవ లేదు. అయినా కొన్ని ప్రతుల్లో తేడాలున్నాయి. 'ఇంకాస్త' అని తెనాలి ప్రతి. ఇది పిల్లల తల్లి వాడుక. అర్థం చెడదు గానీ ఆ మాటకు ఆకలి పుట్టదని అవ్వ అభిప్రాయం. 'ఇన్నూ స్వల్ప' అని కన్నడ ప్రతి. ఇది ఎదురింటి వాళ్లది. కర్ణాటక మాకు కూతవేటు దూరం కాబట్టి మా వీధి పిల్లలు రెండు భాషల్లోనూ మొండికేస్తారు. 'వన్ మోర్ బైట్' అని బెంగళూరు ప్రతి మరొకటి, సెలవులకు వచ్చిన చుట్టాలు వదిలిపోయినది. ఇది స్పష్టంగా ప్రక్షిప్తం. అది విన్న పూట పిల్లవాడు నిజంగానే ఒక్క ముద్ద తిని లేచిపోయాడు. సంఖ్య చెప్పిన చోట శాస్త్రం చెడుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

ప్రతిపదార్థం

ఇంగ = ఇప్పటిదాకా తిన్నది లెక్కలోకి రాదు గనుక; రోంత = కొంచెం (కొంచెం కాదని ముందు తెలుస్తుంది); ఏ = మాత్రమే (ఇదీ నిజం కాదు); నాయనా = ఓ తండ్రీ (ఆరేళ్ల మనవడా, అని అర్థం); తిను = నోరు తెరువు; పొద్దున్నించి = సూర్యోదయం మొదలుకొని (ఏ సూర్యోదయమో తర్వాత చెప్పబడును); ఏం = ఏమి; తిన్యావని = తిన్నావని నేను ఊరుకోవాలి, అని శేషం.

అన్వయం

నాయనా! పొద్దున్నించి ఏం తిన్యావని? (కాబట్టి) ఇంగ రోంతే తిను, అని చెప్పుకోవాలి. కారణం ముందు, కార్యం వెనక రావడం న్యాయం. మూలంలో కార్యమే ముందుంది. కారణం చెప్పేలోగా పిల్లవాడు వాకిలి దాటుతాడని కవయిత్రికి అనుభవం.

'ఇంగ' శబ్ద విచారం

మా సీమలో 'ఇంగ' ఒక్కటే మాట, పనులు మూడు. 'ఇంగ పోదాం పా' అంటే ఇప్పుడు. 'ఇంగా రాలేదు' అంటే ఇప్పటిదాకా. 'ఇంగ ఎయ్యి' అంటే మరి కాస్త. అవ్వ మూడో అర్థంలో 'ఇంగ రోంత' అంటుంది. పిల్లవాడు అదే మాట పట్టుకొని 'ఇంగ వద్దు' అంటాడు. కత్తి ఒక్కటే, పిడి చెరో చేతిలో. అయితే 'ఇంగ వద్దు' అనడానికి నోరు తెరవాలి. తెరిచిన నోటిని అవ్వ వృథా పోనివ్వదు.

'రోంతే': పరిమాణ నిర్ణయం

వ్యాఖ్యకు ఇది గుండెకాయ. పాత కొలతల్లో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956లో చట్టం చేసి ప్రభుత్వం వీటిని పక్కనపెట్టి కిలోలు, లీటర్లు తెచ్చింది. రోంతను మాత్రం ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. అది గిన్నెను బట్టి కాక పిల్లవాడి మొహాన్ని బట్టి మారే కొలత.

ఒక ఆదివారం ఈ వ్యాఖ్యాత గోడకు ఆనుకుని కూర్చుని లెక్కపెట్టాడు. పళ్లెంలో పొగలు పోయే రాగిముద్ద, నడినెత్తిన గుంట, గుంటలో నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరుబిండి, చుట్టూ పప్పు. అవ్వ మూడు వేళ్లతో ముద్దను గిల్లి, పప్పులో దొర్లించి, బొటనవేలితో ఒక్కసారి నున్నగా తిప్పుతుంది. మొదటి రోంత ఉసిరికాయంత ఉంది. రెండోది నిమ్మకాయంత. పిల్లవాడు కిటికీలో ఉడతను చూస్తున్నప్పుడు పడినది, న్యాయంగా చెప్పాలంటే, బత్తాయిలో సగం. రాగిముద్దను నమలకూడదు, మింగాలి అనేది మా ప్రాంతపు ధర్మం గనుక ఎదురుచెప్పే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఇక రవాణా. అవ్వ ముద్దలు రైలెక్కి వస్తాయి. "గేటు ఎత్తినారు, నోరు తెరువు" అంటే మొదటి ముద్ద హిందూపురం. తర్వాత మలుగూరు, చాకర్లపల్లి, పెనుకొండ, మక్కాజిపల్లి, ప్రశాంతి నిలయం, బాసంపల్లి. ఆమెది ప్యాసింజరు బండి, ఎక్స్‌ప్రెస్ బళ్లు అవ్వకు గిట్టవు. ఎనిమిదో ముద్దకు ధర్మవరం. "ధర్మవరం వచ్చేసింది, అత్తోళ్ల ఇల్లు, దిగుతాండా" అని పిల్లవాడు పైకి లేచాడు.

"ధర్మవరం జంక్షన్ నాయనా" అంది అవ్వ. "ఈడ బండి మారల్ల."

ఇక్కడ కవయిత్రి లోకజ్ఞతను మెచ్చుకోవాలి. ధర్మవరంలో దారి నిజంగానే చీలుతుంది. ఒకటి అనంతపురం మీదుగా గుత్తి, గుంతకల్లు వైపు. రెండోది కదిరి, మదనపల్లె మీదుగా పాకాలకు. పాకాల అందితే తిరుపతి అందినట్టే. అక్కడ జంక్షన్ లేకుంటే మా పిల్లవాడు ఎనిమిది ముద్దలతో బయటపడేవాడు.

కదిరి దాటాక పన్నెండో ముద్దకు వాడు పెదాలు బిగించాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. వేలు పైకెత్తి, "సిగ్నల్ పడలేదవ్వా" అన్నాడు ముక్కుతో.

"ఎంతసేపు?"

"క్రాసింగు."

"సరే. క్రాసింగు అయ్యేంతలోకి చెల్లెలు ఎక్కుతుందిలే" అని అవ్వ ఆ ముద్దను మూడేళ్ల పాప వైపు తిప్పింది. అన్నీ తయారుగా పెట్టుకున్న పాప నోరు అప్పటికే తెరిచే ఉంది. వెంటనే వాడికి సిగ్నల్ పడింది. "మా బండే ముందు!"

కొలత మీద ఇంకా అనుమానం ఉన్నవారికి ధర్మవరంలో ప్రమాణం దొరుకుతుంది. చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరును ఊరికి పెట్టాడని క్రియాశక్తి ఒడయరు గురించి అక్కడ చెప్పుకుంటారు. తల్లి పేరున్న ఊళ్లో కొలత తల్లులదే చెల్లాలి. ఆ ఊరి నేతకు భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు పేరులో పట్టుచీరలతో పాటు పావడలకూ చోటిచ్చారు. మా అక్క ఈ ఏడు పాపకు అక్కడే పట్టుపావడ కుట్టించింది. టైలరు పాప ఎత్తు కొలిచి రాసుకుంటుంటే అవ్వ అడ్డం వచ్చి, "లోపల మూడు మడతలు పెట్టప్పా" అంది. ఏడాదికి ఒక మడత విప్పాలి. మూడు మడతలూ విప్పేనాటికి పాప ఆరేళ్ల పిల్ల కావాలి. ఆ మూడు మడతల్లో దాగిన గుడ్డ ఎంతో రోంత అంత, అని ఈ వ్యాఖ్యాత మతం. బువ్వలో కొలిస్తే తేలనిది గుడ్డలో కొలిస్తే తేలింది.

'నాయనా': శ్లేష

పెనుకొండ వాళ్లకు శ్లేష కొత్త కాదు. 1565 యుద్ధంలో విజయనగరం పోయాక తిరుమలదేవరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. రామరాజభూషణుడు శ్లేషలతో బిగించిన వసుచరిత్రను అంకితం తీసుకున్నది ఆయనే. టీక చేతిలో లేకుండా ఆ కావ్యం దగ్గరికి పోవడం కష్టమని తెలిసే సి.పి. బ్రౌన్ జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్య రాయించాడు. ఆ కొండ నీడన పుట్టిన అవ్వ రెండర్థాల మాటను రోజుకు నూరుసార్లు వాడుతుంటే పట్టించుకునే దొర ఒక్కడూ లేకపోయాడు.

మొదటి అర్థం అందరికీ తెలిసిందే. చిన్నపిల్లల్ని నాయనా, తండ్రీ అనడం ముద్దు. పాపను 'అమ్మా' అంటుంది. "నేను అమ్మను కాదు, పాపను" అని పాప సరిదిద్దుతుంది. వ్యాకరణం పాపదే ఒప్పు.

రెండో అర్థం లోతుది. మనవడికి మేము పెట్టుకున్నది మా నాయన పేరు. పోయిన పెద్దల పేరు పిల్లలకు పెట్టడం మా ఇంటి ఆచారం. మొగుడి పేరు నోటితో అనకపోవడం అవ్వ ఆచారం. రెండు ఆచారాలు ఎదురుపడిన చోట పుట్టినదే ఈ 'నాయనా'. వాడికి ఆరేళ్లొచ్చినా అవ్వ నోట వాడి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆ మధ్య వాడికి జ్వరం వస్తే నేను ఊళ్లో లేను. అవ్వే ఆస్పత్రికి తీసుకుపోయింది. చీటీ రాసే అబ్బాయి పేరడిగాడు.

"మా ఇంటాయన పేరే" అంది.

"మీ ఇంటాయన పేరేమవ్వా?"

"ఈ పిల్లోని పేరే."

వెనక వరస పెరుగుతున్నది. జ్వరంలో ఉన్నవాడు తన పేరు తాను చెప్పుకోవచ్చు గానీ వాడికి ఈ ఆట నచ్చింది. చివరకు అవ్వ గొంతు తగ్గించి, "కదిరి సామి పేరు రాసుకో నాయనా" అంది. ఆ అబ్బాయి తలూపి రాసుకున్నాడు. మా ప్రాంతంలో అంతకన్నా చెప్పనక్కర్లేదు.

తిట్టాల్సి వచ్చినప్పుడు ఇంకా ఇబ్బంది. వాడు పాలగిన్నె తన్నేసిన రోజు నోటిదాకా వచ్చిన 'ఒరే' మింగి, "ఏమయ్యా, కండ్లు కనపడవా మీకు?" అంది. ఆరేళ్లవాడికి బహువచనం. నలభై ఏండ్లు మా నాయనను అనలేకపోయినవన్నీ ఇప్పుడు వీడితో అంటోందని మా అక్క సిద్ధాంతం. ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం కొంచెం వేరు. మా నాయన తిండి దగ్గర ఎక్కువసేపు కూర్చునే మనిషి కాదు. 'సాలు' అని పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఆ 'సాలు' తర్వాత మాట్లాడే ధైర్యం ఆమెకు ఉండేది కాదు, గరిటె గిన్నెలోనే ఆగిపోయేది. ఇప్పుడు అదే పేరు ఆమె ఎదుట కాళ్లు బార్లా చాపి కూర్చుని ఉంది, ఎక్కడికీ లేచిపోలేదు. ఆగిపోయిన గరిటెలన్నీ ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

'తిను': విధ్యర్థం

క్రియ చిన్నది, విధి పెద్దది. దీనికి దృష్టాంతం మాకు దగ్గర్లోనే ఉంది. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రుడి గుడిలో ఏడు పడగల నాగేంద్రుడు ఒకే బండలో ఉన్నాడు. దాని కథ అక్కడ అందరూ చెబుతారు. శిల్పులు మధ్యాహ్నం బువ్వకు వచ్చేసరికి తల్లి వంట కాలేదట. ఊరికే కూర్చోలేక ఎదురుగా ఉన్న బండను వంటయ్యేలోగా పాముగా చెక్కేశారట. బయటికి వచ్చిన తల్లి చూసి అబ్బురపడితే, ఆ చూపు తగిలి బండ బీటిచ్చిందట. బీటను ఇప్పటికీ చూపిస్తారు.

శిల్పకళ గొప్పదని మిగతా వాళ్లు ఈ కథకు తాత్పర్యం చెబుతారు. అవ్వ తాత్పర్యం వేరు: "బువ్వ ఆలస్యమైతే పిల్లోల్లు ఊరికే ఉండరు." అనుభవం ఆమె పక్షాన ఉంది. మా ఇంట్లో పప్పు ఉడకడం ఆలస్యమైన రోజు హాలు గోడ మీద రంగుపెన్సిళ్లతో ఒక ప్రాణి వెలిసింది. అది రైలని వాడు, ఆవని పాప. పడగలు మాత్రం ఏడుకన్నా ఎక్కువే.

వ్యతిరేక దృష్టాంతం పెనుకొండలో ఉంది. కొండ ఊరి పార్కులో 140 అడుగులు దాటిన కుంభకర్ణుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, లేపడానికి చుట్టూ రాక్షసులు తంటాలు పడుతుంటారు. పిల్లల్ని తీసుకుపోయినప్పుడు పాప చాలాసేపు ఆ పొట్ట వైపే చూసి, "ఎందుకు పండుకున్యాడు?" అని అడిగింది.

"శానా తిన్యాడు" అంది అవ్వ.

"ఎవరు తినిపిచ్చిరి?"

అవ్వ జవాబు వెతుక్కునేలోగా పిల్లవాడు అందుకున్నాడు. "వాళ్లవ్వ."

'ఏం తిన్యావని': కాకువు, విరోధాభాస

ఇది ప్రశ్న కాదు, కాకువు. గొంతు చివర పైకి లేస్తుంది, జవాబు చెబితే ఒప్పుకోదు. అయినా వాస్తవం నమోదు చేయడం వ్యాఖ్యాత ధర్మం. పైన చెప్పిన ఆదివారం నాడు పిల్లవాడు ఏడుకు పాలు తాగాడు. ఎనిమిదిన్నరకు ఉగ్గాని ఒక గిన్నె, మిరపకాయను నాకు వదిలేసి బజ్జీ పైపొర. పదికి వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క. హిందూపురం బెల్లం మండీకి పేరున్న ఊరు, ముక్క అంటే ఇక్కడ ముక్క కాదు. పదకొండుకు అరటిపండు. పదకొండున్నరకు చెల్లెలి అరటిపండు. పన్నెండున్నరకు అవ్వ పళ్లెంతో వచ్చి, "పొద్దున్నించి ఏం తిన్యావని!" అంది. చెనక్కాయలు వేయించింది ఆమే, బెల్లం కొట్టింది ఆమే.

అబద్ధం అని కొందరు. అది చింత్యం. మతిమరుపు అని కోడలు. అదీ నిలవదు, పద్దెనిమిదేళ్ల కిందటి చీటీపాట బాకీ ఆమెకు రూపాయలతో సహా గుర్తుంది. అసలు కిటుకు తిండి అయ్యాక తెలుస్తుంది. చెయ్యి కడిగి, గుప్పెట్లో రాళ్ల ఉప్పు, మూడు ఎండుమిరపకాయలు పట్టి, పిల్లవాణ్ని తూర్పుకు కూర్చోబెట్టి మూడుసార్లు దిగదీస్తుంది. "ఈ పూట బాగా తిన్యాడు, ఎవరి కండ్లన్నా పడుంటాయి" అని గొణుగుతుంది. ఏమీ తినని వాడికి దిష్టి ఎందుకు? విరోధం.

పరిహారం ఇది. లేపాక్షిలో తల్లి మెచ్చుకున్న చూపుకే బండ పగిలింది. తల్లి కన్నుకే అంత బలముంటే, వీధిలో పోయే కళ్ల మాట చెప్పాలా? అందుకని పిల్లవాడు కడుపునిండా తిన్నాడన్న మాట పైకి అనకూడదు. ఏమీ తినలేదనే వీధికి వినపడేలా చెప్పాలి. కాబట్టి 'ఏం తిన్యావని' అనేది పిల్లవాడితో అన్న మాట కాదు, ప్రహరీ అవతలి వాళ్లతో అన్నది. ఉప్పు, మిరపకాయలు తర్వాత చేసే పనిని ఈ మాటతో ముందే చేస్తోంది.

'పొద్దున్నించి': పూర్వప్రయోగం

ఈ పదాన్ని వరస తప్పించి చివరికి పెట్టినందుకు పెద్దలు క్షమించాలి. మొన్న ఎండాకాలం దాకా దీనికి ఈ వ్యాఖ్యాత దగ్గర సరైన అర్థం లేదు. సూర్యోదయం అని రాసి ముందుకు పోయాడు.

ఆ రాత్రి కరెంటు పోతే అందరం మిద్దెమీద చాప పరిచి పడుకున్నాం. పాప నిద్రపోయింది. పిల్లవాడు వెల్లకిలా పడుకుని అడిగాడు. "అవ్వా, నీకు చిన్నప్పుడు ఎవరు తినిపిస్తాండ్రి?"

అవ్వ విసనకర్ర ఆపలేదు. "గంజి పోస్తాండ్రి నాయనా. ఊరి బయట చింతమాను కింద. పొద్దున్నే పోయి నిలబడల్ల. మా తమ్మున్ని సంకనేసుకోని పోతాంటి."

"గంజిలో చక్కెర ఏస్తాండ్రా?"

"ఉప్పు ఉంటే శానా." కాసేపాగి తానే చెప్పింది. "ఒగ దినం పోసినాయప్పను ఇంగ రోంత అడిగితి. గిన్నె ఇట్ల పట్టుకోని."

"పోసినాడా?"

"ఆయప్ప మంచోడే. ఎనక్కి తిరిగి చూసినాడు. ఎనక శానామంది ఉండ్రి."

"అప్పుడు?"

"అప్పుడేముంది. వచ్చేస్తి."

1952 కరువులో రాయలసీమలో ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. బడి పుస్తకంలో నేను అది ఒక వాక్యంగా చదువుకున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల మాది. అందులో ఒకటి రెండేళ్లు తప్పితే పొయ్యి ఆరిపోయే రోజులవి. అప్పుడు ఆమెకు ఆరేళ్లు. వాడికి ఇప్పుడు ఆరేళ్లు.

టీకాకారులకు పూర్వప్రయోగం దొరకడం పండగ. ఫలానా మాటను ఫలానా చోట అంతకుముందే వాడారని చూపితే పండితుడి మీసం లేస్తుంది. అది దొరికిన రాత్రి ఈ టీకాకారుడు ఏమీ రాయలేదు.

మరునాడు రాసుకున్నది ఇది. 'ఇంగ రోంత' పెట్టేవాళ్ల మాట కాదు. అది మొదట అడిగేవాళ్ల మాట, గిన్నె చాపినవాళ్ల మాట. అప్పుడు గిన్నె ఆమె చేతిలో ఉంది, గరిటె వేరే చేతిలో. ఇప్పుడు గరిటె ఆమె చేతిలో ఉంది. మాట మాత్రం అదే. వెనక వరస లేదు కాబట్టి ఆమె ఎనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. ఆమె పొద్దున మొదలైంది ఆ చింతమాను కింద. అప్పటి నుంచి లెక్క వేస్తే మా పిల్లవాడి ఉగ్గాని, బెల్లం, రెండు అరటిపండ్లు ఏ మూలకు? 'పొద్దున్నించి ఏం తిన్యావని' అన్నది ముమ్మాటికీ నిజం.

రసనిర్ణయం

హాస్యమని పిల్లలు, వాత్సల్యమని వీధి, మొండితనమని కోడలు. కరుణ అంటే అవ్వ ఒప్పుకోదు. రసం అంటే ఆమెకు తెలిసింది ఒకటే. అది మిరియాలు దంచి పెడుతుంది.

మూలకర్త్రి సన్నిధి

పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే ఆయనకు పాఠ్యపుస్తకం. తాను రాసినదానికి తానే అర్థం చెప్పాల్సిన అవస్థ. మా మూలకర్త్రిని కూడా అలా పరీక్షించాలని నాకు బుద్ధి పుట్టింది. కాళిదాసు మాటకు అర్థమేమిటో కాళిదాసునే అడిగే వీలు మల్లినాథుడికి లేకపోయింది. నాకు అలాంటి చిక్కు లేదు. మా కాళిదాసు వంటింట్లో చింతపండు పిసుకుతున్నది.

కాగితాలు తీసుకుపోయి పక్కన కూర్చుని మొత్తం చదివాను. జంక్షన్ దగ్గర నవ్వింది. చీటీ రాసే అబ్బాయి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చింతమాను దగ్గర చింతపండు పిసకడం ఆగి, మళ్లీ సాగింది. చదవడం అయ్యాక అడిగింది.

"ఇదంతా యాల రాస్తివి?"

"పత్రికకు."

"దుడ్డిస్తారా?"

"రోంత."

అవ్వ చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, చివరి ముడి విప్పి, మడతలు పడిన పది రూపాయల నోటు నా చేతిలో పెట్టింది. ముడి విప్పుతానని ఇన్ని కాగితాలు ఖరాబు చేసినవాణ్ని నేను. విప్పింది ఆమె, రెండు వేళ్లతో.

"మజ్జానం తిన్యావా?" అంది.

రాస్తూ కూర్చున్నాను. గంట మూడు దాటింది. ఆ సంగతి నాకు తెలియదు గానీ ఆమెకు తెలుసు. పళ్లెం వచ్చింది. ముద్ద, గుంట, నెయ్యి, ఊరుబిండి. సగం తిని, అలవాటుగా, "సాలు" అన్నాను.

గరిటె గాలిలో ఆగింది. నా గొంతులో ఎవరి గొంతు వినపడిందో మా ఇద్దరికీ తెలుసు. పిల్లలిద్దరూ తలుపు పక్కన నిలబడి చూస్తున్నారు.

అప్పుడు అవ్వ మూలం చదివింది. ఏడు మాటలూ, పాఠాంతరం లేకుండా. 'నాయనా' అన్న మాట ఈసారి ఎవరిని ఉద్దేశించినదో నిర్ణయించడానికి ఏ టీకా చాలదు.

నేను పళ్లెం ముందుకు జరిపాను. "ఇంగ రోంత ఎయ్యమ్మా."

ఇది శ్రీమత్ హిందూపుర వాస్తవ్యుడును, పెనుకొండ దౌహిత్రుడును, ధర్మవరం బావమరిదియు, జంక్షన్‌లో బండి మారక తప్పనివాడును అగు వ్యాఖ్యాతచే రచింపబడిన కొంగుముడి అను

(ఇక్కడ గ్రంథపాతం. వ్యాఖ్యాత చెయ్యి ఎంగిలి.)